అద్దం మీద అక్క

భయపడుతూ వచ్చిన మనిషి ముఖం ఫొటోకి పనికిరాదు. ఈ సంగతి ఫొటోలు తీసే క్లిక్కుకి తెలిసినంత బాగా ఆ ఊళ్ళో ఇంకెవరికీ తెలియదు. యాభై రెండో అంతస్తులో, నేల మధ్యంతా గాజు పలకలు పరిచిన గ్యాలరీలో వాడి ఉద్యోగం. టికెట్టు కొనుక్కుని వచ్చిన జనం ఆ గాజు మీద నిలబడి, తమ కాళ్ళ కిందున్న రోడ్డునీ అగ్గిపెట్టెలంత కార్లనీ చూసి కేకలు పెడుతుంటే ఫొటోలు తీయాలి. బయటికెళ్ళే దారిలో కౌంటరు. ఎవరి ముఖం వాళ్ళకే అట్ట ఫ్రేములో పెట్టి అమ్ముతారు. నవ్వు ముఖం ఎవడూ కొనడు, అలాంటివి ఎవరి ఫోన్లో వాళ్ళకి బోలెడున్నాయి. హడలిపోయిన ముఖమే కొంటారు. మనుషుల సరదాలు అలా ఏడిశాయి మరి!

అయితే లిఫ్టు దిగినప్పటి నుంచీ వణికేవాళ్ళు కళ్ళు మూసేసుకుంటారు, పెదవులు బిగించేస్తారు. ఆ ఫొటో చచ్చుగా వస్తుంది. అందుకని ముందు వాళ్ళకి ధైర్యం రావాలి. వచ్చిన ధైర్యం ఉన్నట్టుండి పోవాలి. దానికోసమే మధ్య పలకలో ఒక ఏర్పాటు పెట్టారు. గాజు పొరల మధ్య సన్నటి తెర ఉంటుంది. ఫొటో తీసేవాడి కుడికాలి దగ్గర చిన్న పెడల్ ఉంటుంది. బొటనవేలితో దాన్ని నొక్కితే ఫెళ్ళుమని చప్పుడొచ్చి, పలక నిండా బీటలు పాకుతాయి. ఉత్తుత్తి బీటలే, బొమ్మ. పైన నిలబడ్డవాళ్ళకి ఆ సంగతి ముందుగా ఎవరు చెబుతారు?

గోడ దగ్గర నుంచి తీస్తే కుదరదని క్లిక్కు తనూ గాజు మీదే, నాలుగడుగుల అవతల పక్క పలక మీద నిలబడేవాడు. అందరితోనూ ఒకటే మాట. "కిందికి చూడకండి. నన్నే చూడండి. నేనున్నాను కదా." గొంతు అంత మెత్తగా పెట్టడం వాడికి ఎలా పట్టుబడిందో ఏమో, నమ్మనివాళ్ళు లేరు. వాణ్ణే చూస్తూ చూస్తూ ఊపిరి కుదుటపడేది. బిగుసుకున్న భుజాలు కిందికి దిగేవి. భుజాలు దిగాయా, కింద బొటనవేలు, పైన చూపుడువేలు రెండూ ఒక్కసారే నొక్కేవి. ఆ వెంటనే పకపకా నవ్వి "భలే భయపడ్డారే!" అనేవాడు. వాళ్ళూ సిగ్గుపడి నవ్వేసేవారు. రోజుకి రెండు వందల మందితో రెండేళ్ళుగా ఇదే పని. ఇంకో నెలలో ఉద్యోగం పర్మనెంటు అవుతుందని మేనేజరు ఊరిస్తున్నాడు.

వాడికో అక్క ఉంది, వాడికన్నా పన్నెండేళ్ళు పెద్దది. ఆసుపత్రి లాండ్రీలో పంతొమ్మిదేళ్ళుగా దుప్పట్లు మడతపెడుతోంది. ఎత్తంటే ఆవిడకి పై ప్రాణాలు పైనే పోతాయి. స్టూలెక్కి బల్బు మార్చదు. డాబా మీద బట్టలు ఆరేయాలంటే బావ వెళ్ళాల్సిందే. "నేలక్క" అని పేరు పెట్టింది ఎవరనుకున్నారు? ఈ తమ్ముడే. చుట్టాలంతా ఆ పేరే పట్టుకున్నారు. అక్క కోపం తెచ్చుకునేది కాదు. "నేల నన్ను ఇంతవరకూ ఒక్కసారి కూడా పడెయ్యలేదు. మీ మేడల సంగతి మీరు చూసుకోండి" అనేది.

అలాంటి మనిషి ఒక ఆదివారం మధ్యాహ్నం వాడి గదికొచ్చి, కుర్చీ మీదున్న బట్టలు మంచం మీద పడేసి కూర్చుంది.

"ఒరేయ్, నీ అద్దం మీద నన్ను నిలబెట్టగలవా?"

"ఎవర్ని? నిన్నా? జ్వరం గానీ తగిలిందా?"

"వెటకారం ఆపి చెప్పేది విను."

విన్నాడు. ఆసుపత్రికి కొత్త భవనం కట్టారు. లాండ్రీని తొమ్మిదో అంతస్తుకి మార్చేస్తున్నారు. లిఫ్టు దగ్గర నుంచి లాండ్రీ గది దాకా పొడుగాటి నడవా, రెండు వైపులా కింద నుంచి పైదాకా అద్దాలే. పైకి వచ్చేవాళ్ళు నెలాఖరులోగా పేరివ్వాలి, రాలేనివాళ్ళకి కింద పని లేదు. అందరితో పాటు చూడ్డానికి వెళ్ళిన అక్క ఆ నడవాలో నాలుగడుగులు వేసి, అయిదో అడుగుకి కూలబడిపోయింది. ఇద్దరు ఆడవాళ్ళు చంకల్లో చేతులేసి లిఫ్టు దాకా మోసుకొచ్చారు. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు.

"యాభై రెండో అంతస్తులో అద్దం మీద నిలబడ్డదానికి తొమ్మిదో అంతస్తు ఒక లెక్కా? అక్కడ నిలబడ్డానంటే ఇక్కడ కళ్ళు మూసుకుని నడిచేస్తా. రోజూ ఎంతమందికి భయం పోగొడుతున్నావో నువ్వే కదా గొప్పలు చెబుతావు. నాకూ పోగొట్టు."

క్లిక్కు నాలుక కరుచుకున్నాడు. నిజమే, ఇంట్లో అలాగే కోతలు కోసేవాడు. ఫొటోలు తీస్తాను, జనానికి ధైర్యం చెబుతాను అనేవాడు. పెడల్ సంగతి మాత్రం బయట చెప్పకూడదని వాళ్ళ ఆఫీసు రూలు. వాడికీ చెప్పబుద్ధి కాలేదు.

"చూద్దాంలే అక్కా."

"చూద్దాం గీద్దాం కాదు. ఇంకొకళ్ళని అడిగితే నవ్వుతారు. నువ్వయితే నవ్వినా పరవాలేదు, అందుకే వచ్చాను."

 పన్నెండేళ్ళు పెద్దదైన అక్క తనని ఒక సాయం అడగడం అదే మొదలు. తల తాకట్టు పెట్టయినా చేసి తీరాలనుకున్నాడు. ఇది మాత్రం నిజం, వాడు అనుకున్నాడు.

గ్యాలరీ పదింటికి తెరుస్తారు. అంతకన్నా ముందు బయటివాళ్ళని రానివ్వరు, అందులోనూ సిబ్బంది చుట్టాలని అసలు రానివ్వరు. లిఫ్టు నడిపే పెద్దాయన్ని బతిమాలుకుని క్లిక్కు మూడు రోజులు, పొద్దున్న తొమ్మిదింటికి అక్కని పైకి తీసుకెళ్ళాడు. మొదటి రోజు ఆవిడ లిఫ్టు దిగలేదు. తలుపు తెరుచుకోగానే వెలుతురు చూసి, కళ్ళు గట్టిగా మూసుకుని "మూయించరా, మూయించు!" అంది. రెండో రోజు దిగింది. గోడకి వీపు ఆనించి, గాజు మొదలయ్యే అంచు దాకా పక్కకి జరుగుతూ వచ్చింది. పెదవుల మధ్యే ఏదో గొణుక్కుంటోంది.

"ఏంటక్కా, మంత్రాలా?"

"దుప్పటి మడతలు. సగానికి ఒకటి, మళ్ళీ సగానికి రెండు, అంచులు కలిపి మూడు... ఇరవై దుప్పట్లయ్యే దాకా ఇక్కడే నిలబడతా. మాట్లాడించకు."

ఇరవై దుప్పట్లూ మడిచింది. ఆ రోజు కిందికి దిగాక ఇద్దరూ టీ తాగారు. అక్క ముఖం వెలిగిపోతోంది.

పెడల్ వైరు పీకేయాలని వాడికి తోచలేదా అంటే, తోచింది. కానీ పీకాలంటే టెక్నీషియన్ని అడగాలి. అతను ఎందుకని అడుగుతాడు. అక్కడి నుంచి మేనేజరుకి తెలుస్తుంది. నేను నొక్కకపోతే సరిపోతుంది కదా అనుకున్నాడు. ఆ అనుకోవడమే కొంప ముంచింది. మునిగింది వాడి కొంప కూడా కాదు.

మూడో రోజు అక్క గాజు మీద కాలు పెట్టింది. ముందు ఒక చెప్పు విప్పింది, తర్వాత రెండోది. పాదం ఆనించి, వేడి పెనం తగిలినట్టు వెనక్కి తీసుకుంది. మళ్ళీ పెట్టింది. క్లిక్కు తన పలక మీద నిలబడి చేతులు చాచాడు.

"నన్నే చూడక్కా. కిందికి చూడకు. నేనున్నాను కదా."

"ఉన్నావులే. కదలకు."

ఒక్కో అడుగూ వేసుకుంటూ మధ్య పలక దాకా వచ్చింది. చీర కుచ్చిళ్ళు పిడికిట్లో బిగించింది. చెంపల మీద చెమట కారుతోంది. దుప్పట్లు మడుస్తూనే ఉంది. పదిహేను, పదహారు... అలా మడుస్తూ మడుస్తూ ఆగిపోయింది. లెక్క తప్పి కాదు, అవసరం తీరిపోయి. ఒకసారి కిటికీ వైపు చూసింది, దూరంగా కొండలున్నాయి. ఒక్క క్షణం తన పాదాల వైపు కూడా చూసి, తల ఎత్తి తమ్ముడి ముఖంలోకి చూసింది.

"ఒరేయ్... నిలబడ్డానురా!"

"నిలబడ్డావే! నేలక్క కాదు, ఇక నువ్వు గాలక్కవి!"

"ఒక ఫొటో తియ్యి. సోమవారం పేరిచ్చి ఆ నడవాలోకి వెళ్ళేముందు చూసుకుంటా. త్వరగా తియ్యి, మళ్ళీ ఈ ధైర్యం ఎంతసేపుంటుందో!"

వాడి కెమెరా అక్కడే స్టాండుకి వేలాడుతోంది. తీసుకుని కంటికి ఆనించాడు. తను రోజూ నిలబడే చోటే నిలబడ్డాడు. కెమెరాలోంచి అక్క ముఖం కనపడింది. నవ్వబోతోంది. పిడికిలి వదులయింది, ఊపిరి కుదుటపడింది, భుజాలు మెల్లగా దిగాయి.

బొటనవేలు నొక్కేసింది.

ఫెళ్ళుమంది. అక్క నోరు తెరిచి అరిచింది, చెయ్యి ముందుకి చాచింది. చూపుడువేలు కూడా నొక్కడం అయిపోయింది. అప్పుడు ఇంకా పాడు పని జరిగింది. అలవాటుగా వాడి నోట్లోంచి ఆ నవ్వు వచ్చేసింది. "భలే భయపడ్డారే!" అనేశాడు. సొంత అక్కని, "భయపడ్డారే" అని!

అక్క గాజు మీద చేతులూ మోకాళ్ళూ ఆనించి పడి ఉంది. క్లిక్కు కెమెరా వదిలేసి పరిగెత్తాడు. "అక్కా, ఉత్తుత్తిదే! బొమ్మ అక్కా, చూడు, ఏం కాలేదు!" అంటూ చెయ్యి పట్టుకోబోతే ఆవిడ విదిలించేసింది. పాకుతూనే గోడ దాకా వెళ్ళింది, గోడ పట్టుకుని లేచింది. చెప్పులు అక్కడే వదిలేసింది. వాడు వాటిని పట్టుకుని వెనకే వెళ్ళాడు. లిఫ్టులో ముప్ఫయ్యో అంతస్తు దాటాక నోరు విప్పింది.

"రోజూ ఇదే చేస్తావా?"

"అది... ఉద్యోగం అక్కా."

"నేనున్నాను కదా అని చెప్పి?"

 కింద దిగగానే వాడి చేతిలోంచి చెప్పులు లాక్కుని, వేసుకోకుండానే వెళ్ళిపోయింది.

ఇంతవరకూ జరిగిందానికి వాణ్ణి క్షమించేవాళ్ళు క్షమించవచ్చు. కాలు చేసిన తప్పుకి మనిషేం చేస్తాడు అనవచ్చు. ఆ తర్వాత జరిగింది వినండి.

అక్కడ తీసిన ప్రతి ఫొటో దానంతటదే కౌంటరు తెర మీదికి వెళ్ళిపోతుంది, సాయంత్రానికి చెరిగిపోతుంది. చెరపాలంటే వెంటనే కూడా చెరపవచ్చు, ఒక్క మీట నొక్కితే చాలు. క్లిక్కు కౌంటరు దగ్గరికి వచ్చేసరికి మేనేజరు ఆ తెర ముందు నోరు వెళ్ళబెట్టి నిలబడి ఉన్నాడు.

"ఇదీ ఫొటో అంటే! రెండేళ్ళలో ఇలాంటిది పడలేదయ్యా. ఆ కళ్ళు చూడు, ఆ చెయ్యి చూడు! ఎవరీవిడ?"

క్లిక్కు తెర వైపు చూశాడు. అక్క నోరంతా తెరుచుకుని ఉంది. కళ్ళు పెద్దవై కిందికి చూస్తున్నాయి. కుడిచెయ్యి వేళ్ళన్నీ విప్పుకుని ముందుకి వచ్చింది. మా అక్క సార్ అంటే, సిబ్బంది చుట్టాన్ని పైకి ఎవరు రానిచ్చారని అడుగుతాడు. లిఫ్టు పెద్దాయనకీ మాట వస్తుంది. పర్మనెంటు సంగతి సరేసరి.

"ఎవరో సార్. దూరం నుంచి వచ్చామని బతిమాలితే ముందుగా రానిచ్చాను."

"పోనీలే, మంచి పనే చేశావు. ఫొటోలు వాడుకుంటామని టికెట్టు వెనక రాసే ఉంటుంది కదా, గొడవ లేదు. దీన్ని దాచు."

దాచే మీట, చెరిపే మీట పక్కపక్కనే ఉంటాయి. వేలు జారిందని అన్నా సరిపోయేది. ఈసారి అలవాటూ లేదు, కంగారూ లేదు. క్లిక్కు ఆలోచించుకుని మరీ దాచే మీట నొక్కాడు.

నెల తిరక్కుండా వాడి ఉద్యోగం పర్మనెంటయింది. ఇంకో పది రోజులకి అక్క ముఖం సిటీ బస్సుల వెనకకి ఎక్కింది. తెరిచిన నోరు, చాచిన చెయ్యి, పైన లావుపాటి అక్షరాలు, "మీకుందా ఇంత ధైర్యం?" అని. ఆ బస్సుల్లోనే ఆవిడ రోజూ పనికి వెళ్ళేది. వెళ్ళేది అని ఎందుకంటున్నానంటే, సోమవారం ఆవిడ పేరివ్వలేదు. నడవా దాకా కూడా పోలేదు. ఇప్పుడు ఒక హోటల్లో, వెనక వైపు, గిన్నెలు తోముతోంది. అక్కడ నేల మీద ఎప్పుడూ నీళ్ళుంటాయి. లాండ్రీలో తోటివాళ్ళు బస్సు వెనక బొమ్మని ఫోన్లో తీసి ఒకరికొకరు పంపుకున్నారట. ఒకామె మంచి మనసుతోనే అక్కకి కూడా పంపింది.

క్లిక్కు ఫోన్ చేస్తే తీసేది కాదు. చివరికి ఒక శుక్రవారం సాయంత్రం వాడే వెళ్ళాడు. బావ తలుపు తీసి, వాణ్ణి చూసి, చొక్కా వేసుకుని బయటికెళ్ళిపోయాడు. అక్క వంటింటి గట్టు దగ్గర చేతులకి మందు రాసుకుంటోంది. సబ్బు నీళ్ళకి వేళ్ళ సందులు పగిలాయి.

"అక్కా, ఆ రోజు కాలు అలవాటు కొద్దీ..."

"కాలు సంగతి నాకు తెలుసు" అంది తల ఎత్తకుండా. "పంతొమ్మిదేళ్ళు ఆసుపత్రి దుప్పట్లు మడిచాను. ఇంట్లో తువ్వాలు ఇచ్చినా నా చెయ్యి ఆ మడతే వేస్తుంది. దానికి నిన్నేం అనలేదు. బస్సు వెనక అంటించింది కూడా నీ కాలేనా?"

వాడి తల వాలిపోయింది.

"నేనెవరని చెప్పావు వాళ్ళకి?"

వాడు తలుపు వైపు చూశాడు.

"ఎవరో అన్నావు. అంతేగా? నీ ముఖం చూస్తేనే తెలుస్తోంది." మందు డబ్బా మూత బిగించి వాడి వైపు తిరిగింది. "సరే, నువ్వు పెద్ద ఫొటోగ్రాఫరువి కదా. ఆ బొమ్మలో నేనేం చేస్తున్నానో చెప్పు."

"అక్కా, ఎందుకిప్పుడు..."

"చెప్పమంటుంటే!"

"భయపడి... అరుస్తున్నావు."

"ఎటు చూస్తున్నాను?"

"కిందికి."

"ఎవరి కిందికిరా? నా కాళ్ళ దగ్గరికి చూడాలంటే అంత దూరం చూస్తారా ఎవరైనా? ఫెళ్ళుమనగానే బీటలు నీ వైపు పాకాయి. నువ్వూ అదే అద్దం మీద ఉన్నావు. కళ్ళకి కెమెరా అడ్డం పెట్టుకుని ఉన్నావు, నీకేం కనపడదు. వెనక్కి జరగరా అని అరిచాను, ఆ చప్పుళ్ళో నీకు వినపడి ఉండదు. నిన్ను పట్టి లాగుదామని చెయ్యి చాచాను."

 అక్క గొంతు పెద్దదయింది.

"నా కింద ఏమవుతోందో నాకు ఆ క్షణాన తెలియను కూడా తెలియదు. చచ్చేంత భయం వేసింది, కాదనను. ఎవరికోసం వేసిందో తెలుసా నీకు? ఊళ్ళోవాళ్ళు పిరికిదంటే అననీ, ఉన్నమాటే. కానీ ఆ బొమ్మ రోజూ నీ కళ్ళ ముందే ఉంది. తీసినవాడివి నువ్వే. అయినా నీకు కనపడలేదు. అదేరా, అందుకే నా కడుపు రగిలిపోతోంది!"

"తప్పయిపోయింది అక్కా. రేపే చెప్పి తీయించేస్తాను..."

"తీయిస్తే తీయించు, మానితే మాను. నాకు పనుంది, వెళ్ళు."

మర్నాడు వాడు మేనేజరుతో ఆవిడ మా అక్క సార్ అని చెప్పాడు. మేనేజరు "మరి మొదటే ఏడవొచ్చు కదయ్యా! మూడు నెలలకి బస్సులు మాట్లాడేశాం" అని ఫోన్ ఎత్తుకున్నాడు. అక్కడితో అయిపోయింది.

క్లిక్కు కౌంటరు వెనక్కి వెళ్ళి కూర్చున్నాడు. గ్యాలరీ తెరవడానికి ఇంకా ముప్పావుగంట ఉంది. దాచిపెట్టిన ఫొటోలు తెర మీదికి తెచ్చాడు. రెండేళ్ళలో వాడు తీసినవాటిలో బాగా పడ్డవి నలభై రెండు ఉన్నాయి. ఇన్నాళ్ళూ వాటిలో నోళ్ళు చూశాడు. ఇప్పుడు ఒక్కోటీ పెద్దది చేసి కళ్ళు ఎటున్నాయో చూశాడు. చాలామంది తమ కాళ్ళ కిందికే చూసుకుంటున్నారు. అందరూ కాదు. పదకొండు మంది చూపు ముందుకి, నాలుగడుగుల అవతలికి ఉంది. వాళ్ళెవరో వాడికి తెలియదు, మళ్ళీ కనపడ్డవాళ్ళూ కాదు. ఒక లావుపాటి ఆవిడ రెండు చేతులూ వాడి వైపు చాచింది. స్కూలు యూనిఫారంలో ఉన్న ఒక పిల్ల వెనక్కి పొమ్మన్నట్టు చెయ్యి ఊపుతోంది.

ఆఖరిది ఒక ముసలాయనది. చేతికర్ర ఎత్తి ముందుకి పెట్టి, నోరు తెరుచుకుని ఉన్నాడు. ముసలాయన నన్ను కొట్టడానికొచ్చాడు చూడండి అని క్లిక్కు ఆ ఫొటోని కౌంటర్లో అందరికీ చూపించి నెల రోజులు నవ్వించాడు. ఇప్పుడు దగ్గరగా చూశాడు. కొట్టేవాడు కర్రని పిడి దగ్గర పట్టుకుంటాడు. ఆయన కొన పట్టుకుని, పిడి వైపు క్లిక్కుకి అందేలా చాచాడు.